చెప్పులరిగే సంఘానికి నా రాజీనామా

సకాయ్,
2024 డిసెంబర్ 12, గురువారం.

శ్రీమతి హమురొ కిమియె గారికి,

నమస్కారాలు. ఇకొమా కొండ మీదినుంచి చలిగాలి ఊళ్ళోకి దిగింది. చిలగడదుంపలు కాల్చి అమ్మే బండి మా వీధికి రావడం మొదలుపెట్టింది. ఈ చలికి తమరూ, తమరి కుడి మోకాలూ, తమరి ఇంట్లో బలిసిన ఆ పిల్లీ క్షేమమని తలుస్తాను. ఇక్కడ నేను క్షేమం.

మర్యాదలు అయిపోయాయి. నలభై రెండేళ్ళలో నేను నిన్ను ఒక్కసారైనా 'గారు' అనలేదు కిమియె. ఇవాళ అన్నానంటే నాకు ఎంత మండుతోందో నువ్వే ఊహించుకో. ఫోన్ చేస్తే నువ్వు మాట్లాడతావు, నేను వింటాను, చివరికి ఏదో ఒక వెధవ జోకు వేస్తావు, ఇద్దరం నవ్వేస్తాం. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరానికి నువ్వు మధ్యలో అడ్డు రాలేవు.

సోమవారం నీ కవరు అందింది. కొత్త సంవత్సరం నడకల కరపత్రం, అచ్చుకు వెళ్ళేలోపు తప్పులు దిద్ది పంపమన్నావు. నీ రాతలో తప్పులు దిద్దడం నాకు పద్దెనిమిదో ఏట నుంచీ ఉన్న పనే కదా, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. మూడో పేజీలో పెన్ను ఆగిపోయింది. 'ఏ పుస్తకంలోనూ దొరకని అసలైన ఒసాకా. కమగసాకి నడక, ప్రతి నెలా మూడో ఆదివారం' అని పెద్దక్షరాలు. దాని కింద ఫోటో. జావ కోసం బారులు తీరిన మనుషుల వీపులు, వాళ్ళకు ఇవతల షోగి చదరంగం బల్ల ముందు నిలబడి కెమెరా వైపు చూస్తున్న ఒక ముసలాయన. ఆయన ముఖం మాత్రం ముడతతో సహా స్పష్టంగా పడింది. కింద నీ వ్యాఖ్య: 'ఒసాకా మనిషి నవ్వంటే ఇదీ.'

ఆయన నవ్వడం లేదు కిమియె. పళ్ళు లేని నోరు మూసుకుంటే అలాగే ఉంటుంది.

నిన్ను తిట్టేముందు నీకు చెందాల్సిన మంచి మాటలు చెప్పేస్తాను, తర్వాత చెప్పబుద్ధి కాదు. 1982 వసంతంలో మనం గైడ్లుగా చేరిన బస్సు కంపెనీ హాస్టల్లో నా పక్క పరుపు నీది. నువ్వు కిషివదా పిల్లవి, రథాలు లాగే ఊరిదానివి, నీ నోటికి మైకు అక్కర్లేదు. నేను తొత్తొరి సముద్రం ఒడ్డున ఒక పల్లె నుంచి వచ్చాను, మైకు చేతికిస్తే గొంతు వణికేది. నువ్వే నన్ను వీధి చివర కాలవ గట్టు మీద నిలబెట్టి, అవతలి గట్టున గాలం వేస్తున్న వాళ్ళకు వినపడేలా ఒసాకా కోట చరిత్ర చెప్పించావు. మా ఆయన పోయిన ఏడాది నేను తలుపు తీయకుండా కూర్చుంటే, నువ్వే వచ్చి నా బూట్లు గుమ్మంలో పెట్టి, కాళ్ళు దూర్చు, మిగతాది నేను చూసుకుంటానన్నావు. అలా మొదలైంది మన సంఘం. నెలకో ఆదివారం, ఊళ్ళో ఒక్కో పేట. నువ్వు మైకు, నేను జెండా. బూట్ల అడుగులు అరిగేదాకా నడుస్తాం కాబట్టి చెప్పులరిగే సంఘం అని పేరు నువ్వే పెట్టావు. ఆ పేరు విని చేరినవాళ్ళే సగం మంది.

మినోలో మాపుల్ ఆకుల బజ్జీలు తింటూ జలపాతం దాకా ఎక్కాం. నకజాకిలో యుద్ధానికి బూడిద కాకుండా మిగిలిన పాత చెక్క ఇళ్ళ సందుల్లో తిరిగాం. తైషోలో ఓకినావా వాళ్ళ కొట్లో గోయా కాకర వేపుడు తిని, మున్సిపాలిటీ వాళ్ళ ఉచిత పడవెక్కి అవతలి గట్టుకి, మళ్ళీ అదే పడవెక్కి ఇవతలికి, మొత్తం నాలుగుసార్లు తిరిగాం, పడవవాడు ఏమీ అనలేక తల గోక్కున్నాడు. ఇన్నేళ్ళు బస్సు కిటికీలోంచి చూపించిన ఊరిని మొదటిసారి కాళ్ళతో చూశాను. ఇదంతా నీ చలవే. కాదనను.

కాని నాకు ఏడాదిగా కడుపులో ఉన్నవి కూడా ఉన్నాయి. కరహొరి మెట్ల సందులో ఒక ముసలావిడ బట్టలు ఆరేస్తుంటే, పాత ఒసాకా అంటే ఇదండీ, తీసుకోండి ఫోటోలు అన్నావు. ఆవిడ తడి బట్టలన్నీ మళ్ళీ బుట్టలో వేసుకుని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. నువ్వు చూడలేదు, నేను చూశాను. త్సురుహషి బజారులో కిమ్చీ అమ్మే కొరియావిడ దగ్గర ఇరవై మందికీ రుచి చూపించావు. ఒక్కరూ కొనలేదు. ఆవిడ నాతో నెమ్మదిగా అన్నమాట ఇంతవరకూ నీకు చెప్పలేదు. "అక్కా, మీవాళ్ళకి ఆకలి తీరిందా?" అంది. నేను రెండు డబ్బాలు కొని, అవి తినలేక పక్కింటివాళ్ళకిచ్చాను. నీతో గొడవెందుకని ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ బాగా వచ్చిన విద్య.

ఇక నవంబర్ మూడో తారీకు. ఆ రోజు మన దారి షిన్‌సెకై వరకే. అక్కడి గోపురం కింద పుల్లలకు గుచ్చి వేయించిన మాంసం ముక్కలు తిని ఎవరి దారిన వాళ్ళు పోవాలి. కాగితం మీద అలాగే ఉంది, ఆ కాగితం నేనే రాశాను. అవి తిన్నాక నువ్వు నాకు ఒక్క మాటైనా చెప్పకుండా మైకు నోటికి పెట్టుకుని, ఈ రోజు మీకొక బోనస్ అన్నావు. రైలు పట్టాల కిందనుంచి దక్షిణానికి, కమగసాకి వైపు తిరిగావు. ఇరవై రెండు మంది నీ వెనకాల. నాకు కాళ్ళు ఆగిపోయాయి. నువ్వు వెనక్కి తిరిగి, ఏంటే భయమా, నేనున్నాగా అని నవ్వావు. జెండా నా చేతిలో ఉంది. జెండా ఆగితే జనం ఆగుతారు. ఆపాల్సింది. ఆపలేదు.

మధ్యాహ్నం పన్నెండు. మూడు మూలల పార్కులో జావ పంచే వేళ. స్తంభం మీది టీవీలో ఎవరో పాడుతున్నారు, ఎవరూ చూడటం లేదు. నువ్వు వాళ్ళ వరసకు నాలుగడుగుల దూరంలో నిలబడి, గొంతైనా తగ్గించకుండా, ఒకప్పుడు జపాన్‌లో ఇంత పెద్ద కూలి అడ్డా ఇంకోటి లేదండీ అని మొదలుపెట్టావు. తెల్లవారుజామున వ్యాన్లు వచ్చేవి, బలంగా ఉన్నవాళ్ళని ఏరుకుపోయేవి, ఇప్పుడు చూడండి అందరూ ముసలివాళ్ళయిపోయారు అన్నావు. సరుకు గురించి చెప్పినట్టు చెప్పావు. వాళ్ళకు చెవులున్నాయని నీకు తోచలేదు. కోబె నుంచి వచ్చిన ఆ పళ్ళ డాక్టరు మూర పొడుగు కెమెరా తీశాడు. వరసలో ముందున్నాయన టోపీ ముఖం మీదికి లాక్కున్నాడు. ఆయన వెనకాయన చేతిలో గిన్నె పెట్టుకునే అటు తిరిగాడు. అప్పుడే షోగి బల్ల దగ్గర్నుంచి ఆ పెద్దాయన లేచి, చాలా వినయంగా అన్నాడు.

"అమ్మా, మీరు జూ గేటు దాటొచ్చేశారు. వెనక్కి పోండి, అటుంది."

అందరూ నవ్వారు. జూ నిజంగానే అటే ఉంది కదా. నువ్వు అందరికన్నా గట్టిగా నవ్వి, చూశారా, టికెట్ లేకుండా వినోదం, ఒసాకా మనిషంటే ఇదీ అన్నావు. సంచీలో చెయ్యి పెట్టి పిప్పరమెంటు బిళ్ళ తీసి ఆయన చేతిలో పెట్టావు. ఆయన రెండు చేతులతో తీసుకుని వంగి దండం పెట్టాడు. తర్వాత నా వైపు తిరిగాడు. జెండా పట్టుకున్న నన్ను చూసి, స్టేషన్‌కి ఎటు వెళ్ళాలమ్మా అని అడిగాడు. మళ్ళీ నవ్వులు. ముప్పై ఏళ్ళుగా ఆ వీధుల్లో ఉంటున్నవాడు స్టేషన్‌కి దారి అడిగితే నవ్వు రాదూ. మా తజుకొకి మాట పడిపోయింది అని నువ్వే చెయ్యి చాపి అటు చూపించావు. పళ్ళ డాక్టరు ఆ క్షణమే నొక్కాడు. అదే నీ మూడో పేజీ.

ఆ సాయంత్రం ఫోన్లో అడిగాను, అది తప్పు కాదా అని. నువ్వేమన్నావో నీకు గుర్తుందో లేదో, నాకు అక్షరం పొల్లుపోలేదు. ఆ వీధుల్లోకి ఎవరూ పోరు కాబట్టే వాళ్ళకా గతి, నలుగురు పోతే అక్కడి కొట్లు బతుకుతాయి అన్నావు. ఆయనే నవ్వాడు కదా, నీకెందుకే ఏడుపు అన్నావు. చివరికి ఒక మాట విసిరావు. "నువ్వు సకాయ్ టీ కొట్టు కోడలివి. మాసిన చొక్కా తగిల్తే నీకు ఒళ్ళు జలదరిస్తుంది, అంతే." అనేసి పెట్టేశావు.

ఆ మాటకు నాలుగు రోజులు నిద్ర లేదు. గురువారం పొద్దున్నే ట్రామెక్కి వెళ్ళాను. ఒక్కదాన్నే. జెండా లేదు, చేతి తొడుగుల్లేవు. మన ఇద్దరి తరఫునా క్షమాపణ చెబుదామని టీ పొట్లం కూడా కట్టుకెళ్ళాను, మా కొట్లో మేలురకం. ఆయన అదే షోగి బల్ల దగ్గర ఉన్నాడు. అక్కడ ఒకరి అసలు పేరు ఒకరు అడగరు. ఆయన్ని అందరూ పీతాయన అంటారు, పీతలు పట్టే సముద్రం ఒడ్డు నుంచి వచ్చాడట. నేను వంగి క్షమించమంటే, ఎత్తిన పావు కింద పెట్టకుండానే, "క్షమాపణా? అది జావలో నంచుకునేదా, గైడమ్మా?" అన్నాడు. ఎదురుగా కూర్చున్నాయన నవ్వాపుకోలేక దగ్గాడు.

నేను కదల్లేదు. ఆట అయ్యేదాకా నిలబడ్డాను. రెండు గంటలు. కాళ్ళు పీకాయి. ఆయన గెలిచి, టోపీ పెట్టుకుని, నువ్వు జెండా పట్టుకుని ఊరు చూపిస్తావు, నేను ఆ ఊరు కట్టాను, ఎవరికి బాగా తెలుసో తేల్చుకుందాం పద అన్నాడు.

అలా మూడు గురువారాలు ఆయన వెనక తిరిగాను కిమియె. నీ నడకలన్నీ కలిపినా ఆ మూడు రోజులతో సరితూగవు. అబెనోలో మూడొందల మీటర్ల మేడ పైకి మనం జనాన్ని ఎన్నిసార్లు ఎక్కించాం. ఆయన నన్ను పైకి తీసుకెళ్ళలేదు. పక్క వీధిలో నేల మీద మడమతో కొట్టి, దీనికింద ఎంత లోతుకు దిగామో పైన టికెట్ చింపేవాళ్ళకు తెలీదు అన్నాడు. బురద నీళ్ళలో నడుము దాకా, రోజుకో కొత్త మనిషి పక్కన నిలబడి పనిచేసేవాడట. సాయంత్రానికి ఒకరి ముఖం ఒకరికి కంఠతా వచ్చేది, మర్నాడు ఆ మనిషి కనిపించేవాడు కాదు. ఉమెదాలో నేలకింద బజారులో ఒసాకా వాళ్ళే దారి తప్పుతారు, ఆయన కళ్ళు మూసుకుని నడిచినట్టు నడిచి, కేకుల కొట్టు పక్క స్తంభం దగ్గర ఆగి దాన్ని అరచేత్తో తట్టాడు, ఆవుని తట్టినట్టు. కేకులు అమ్మే పిల్ల అనుమానంగా చూసింది. ఆయన ఆ పిల్లతో, భయపడకమ్మా, ఇది పడదు, సిమెంటు పోసింది నేనే అన్నాడు. ఆ పిల్లకు నవ్వాలో పోలీసును పిలవాలో తెలీలేదు.

మూడో గురువారం తైషో వెళ్ళాం. జింబె రేవులో ఉచిత పడవ. పడవవాడు నన్ను గుర్తుపట్టి, అక్కా, ఇవాళ ఎన్నిసార్లు అని అడిగాడు. ఒక్కసారే అన్నాను. అవతల దిగి నమిహయా వంతెన ఎక్కాం. ఆ ఏటవాలు నీకు తెలుసు, సైకిళ్ళవాళ్ళే దిగి తోసుకుంటూ పోతారు. ఆయన ప్రతి ఇరవై అడుగులకూ కమ్మీ పట్టుకుని ఆగాడు. దగ్గుతున్నాడు. దిగిపోదామంటే, ఈ వంతెన స్తంభం పునాదిలోకి దిగినప్పుడు నాకు ముప్పై నాలుగేళ్ళు, పైన ఎలా ఉంటుందో ఇంతవరకూ చూడలేదు అన్నాడు. వంతెన పూర్తయ్యే నాటికి వేరే పనికి వ్యాను ఎక్కించేశారట. ముప్పై ఏళ్ళుగా రైలెక్కి వస్తే గంటలో చేరే చోటే. ఎందుకు రాలేదని అడిగాను. ఎవరితో రావాలి అన్నాడు.

పైన గాలికి నా టోపీ ఎగిరి సముద్రంలో పడింది. అక్కణ్ణుంచి ఊరంతా కనిపిస్తుంది కిమియె, రేవు క్రేన్లు, కోట వైపు మేడలు, తూర్పున ఇకొమా. ఆయన చేత్తో ఒక్కొక్కటే చూపించాడు. అది ఎండాకాలం కట్టాం. అక్కడ ఇద్దరు మంచి దోస్తులు దొరికారు. ఆ గోడౌన్ల దగ్గర చిటికెన వేలు పోయింది, దాన్ని తిరిగి తేవడానికి మాత్రం ఉచిత పడవ లేదు అని తనే నవ్వాడు. పాతికేళ్ళు మైకు పట్టుకుని ఆ కట్టడాల ఎత్తు చెప్పాను, పొడుగు చెప్పాను, ఏ ఏడు తెరిచారో, ఏ మంత్రి రిబ్బను కత్తిరించాడో చెప్పాను. మన పాఠంలో కట్టినవాళ్ళ గురించి ఒక్క వాక్యం ఉందా? నువ్వూ నేనూ ఆ పాఠం నిద్రలో కూడా అప్పజెప్పేవాళ్ళం కదా, ఒక్కరోజైనా మనకు లోటు తెలిసిందా? ఇప్పుడు ఆ మనుషుల గురించి చెప్పాలని నీకు బుద్ధి పుడితే, వాళ్ళు గిన్నె పట్టుకుని నిలబడ్డ వేళే దొరికిందా నీకు?

అందుకని ఇది నా మాట. మూడో పేజీ తీసెయ్యి. ఆ ఫోటో అచ్చులోకి పోకూడదు, పళ్ళ డాక్టరు కంప్యూటర్లో కూడా ఉండకూడదు, ఆయనకు నువ్వే ఫోన్ చేసి చెప్పు. కమగసాకి నడక రద్దు చెయ్యి. నువ్వు నిజంగా అక్కడి కొట్లు బతకాలనుకుంటే మైకు ఇంట్లో పెట్టి ఒక్కదానివే పో, బల్ల ముందు కూర్చో, ఏమైనా కొనుక్కుని తిను, అడిగితేనే మాట్లాడు. అది నీకు చేతకాదని నాకు తెలుసు. నేర్చుకో, అరవై ఏళ్ళకు కొత్త విద్య ఏదో ఒకటి మంచిది.

ఈ ఉత్తరంతో పాటు జెండా, తెల్ల తొడుగులు, సభ్యుల జాబితా పంపుతున్నాను. సంఘానికి నేను రాజీనామా చేశాను. ఫోన్ చెయ్యకు, ఎత్తను. తలుపు కొట్టకు, తియ్యను. నీ అక్షరదోషాలు ఇక నువ్వే దిద్దుకో. మూడో పేజీలోనే నాలుగున్నాయి.

ఇట్లు,
నాలుగేళ్ళు పక్క పరుపు మీద పడుకుని నీ గురక విన్న
కజితాని తజుకొ

తా.క. కవరు అంటించి, పోస్టు డబ్బా దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి చింపాను. ఇందులో నీ గురించి రాసినవన్నీ నిజం. నా గురించి రాసినవి కావు.

ఆయన నన్ను గైడమ్మా అనలేదు. ఆ మాట ఉన్నచోట 'తజూ' అని చదువుకో. ఆయన పేరు యురా ఎన్‌జిరొ. యురా నా పుట్టింటి పేరు. ఆయన మా అన్నయ్య. నాకంటే అయిదేళ్ళు పెద్ద. హాస్టల్లో మొదటి రాత్రి నువ్వు అడిగితే నేనొక్కదాన్నే పిల్లనని చెప్పాను. నన్ను హైస్కూలు చదివించడానికి వాడు పదిహేనో ఏట ఈ ఊరొచ్చి తట్ట మోశాడు. వాడి చేతులు, వాడి బట్టలు మన హాస్టల్ గుమ్మంలో నువ్వు చూడటం నాకు ఇష్టం లేకపోయింది. ఆదివారాలు తెమ్మాలో మా అత్త ఇంటికని వెళ్ళేదాన్ని గుర్తుందా. నాకు అత్త లేదు.

పెళ్ళికి కూడా అన్న లేడనే చెప్పాను. పెళ్ళయిన మరుసటి వసంతంలో వాడు టీ కొట్టు ముందుకు వచ్చాడు. చేతిలో పీతల బుట్ట. మా అత్తగారు నా పక్కనే ఉంది. ఎవరు అంది. నేను మాట్లాడలేదు. వాడు నా ముఖం చూశాడు, బుట్ట వెనక్కి పెట్టుకుని, "స్టేషన్‌కి ఎటు వెళ్ళాలమ్మా?" అని అడిగాడు. నేను చూపించాను. చెయ్యి చాపి, మన పద్ధతి ప్రకారం వేళ్ళు దగ్గరగా పెట్టి, ఎడమకి తిరిగి నేరుగా వెళ్ళండి అని చెప్పాను. ముప్పై మూడేళ్ళ తర్వాత నీ ఇరవై రెండు మంది ముందు వాడు అదే ప్రశ్న అడిగాడు. వాడిది హాస్యం కాదు, నాకు తప్పించుకునే దారి చూపించాడు, ఆ రోజులాగే. నేను జెండా పట్టుకుని ఉన్నానని రాశాను కదా. నిజానికి ఇంకా పైకెత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. నువ్వు కనీసం వాడి చేతిలో ఏదో పెట్టావు.

కోపం నీ మీద చాలా ఉంది, అది ఉంటుంది. కాని పెద్ద వాటా ఎవరిదో ఇప్పుడు నీకు తెలిసింది.

వంతెన మీద దగ్గిన దగ్గు మంచిది కాదు. మర్నాడు వాడి పేటలోని ఉచిత వైద్యశాల డాక్టరు పెద్దాసుపత్రికి రాశారు. ఎడమ ఊపిరితిత్తిలో గడ్డ ఉందట. ఇరవై మూడో తారీకు సోమవారం చేర్చుకుంటారు, బుధవారం కోస్తారు. నా ఇంటికి రమ్మన్నాను, రాడట. మూడు చాపలు పట్టే గది చాలు, అక్కడ షోగికి మనుషులున్నారు అన్నాడు. చిన్నప్పుడు నన్ను తిట్టినట్టే తిట్టాడు కూడా, నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన కాగితంలో రోగికి మీరేమవుతారు అని ఒక గడి ఉంది. చెల్లెలు అని రాశాను. రాయి తెచ్చి గుండె మీద పెట్టినట్టుంది ఆ చిన్న గడి.

దాని కింద ఇంకో గడి ఖాళీగా ఉంది. రెండో హామీదారు, వేరే ఇంట్లో ఉండే మనిషి కావాలట. మా ఆయన లేడు, పిల్లల్లేరు, అన్నయ్య దోస్తులకు ఇంటి పత్రాలు లేవు. రాత్రంతా పేర్లు ఆలోచించాను. నువ్వొక్కదానివే మిగిలావు.

ఇంత తిట్టి ఇది అడగడానికి నాకు సిగ్గుగా లేదు. సిగ్గుపడి ముప్పై మూడేళ్ళు నేను చేసిన నిర్వాకం చాలు. ఆ సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఆస్పత్రి మెట్ల దగ్గర ఉంటాను, చిరునామా వెనకవైపు రాశాను. కోపంగా వస్తే కోపంగానే రా, నాతో మాట్లాడకపోయినా సరే. సంతకం బదులు వెయ్యాల్సిన నీ పేరు ముద్ర మాత్రం ఇంట్లో మరిచిపోకు.